పిల్లల టీచరుకు ఏ కానుక ఇవ్వాలి: తక్కువ ఖర్చులో ఎంపికల పోలిక

బిడ్డకు ఏడాది పొడవునా చదువు చెప్పిన టీచరుకు ఏదైనా ఇచ్చి కృతజ్ఞత తెలపాలనుకునే తల్లిదండ్రులందరికీ ఒకే చిక్కు ఎదురవుతుంది. ఆ టీచరు మన బిడ్డకు బాగా తెలిసిన మనిషే గాని మనకు అంతగా తెలిసిన మనిషి కారు. వారి ఇంట్లో ఏమున్నాయో, ఏ రంగు నచ్చుతుందో, ఏ పుస్తకాలు ఇప్పటికే చదివారో మనకు తెలియదు. ఖర్చు మన స్థోమతను మించకూడదు, అలాగని మొక్కుబడిగా ఇచ్చినట్టూ ఉండకూడదు. సాధారణంగా మనకు తోచే కానుకలను పక్కపక్కన పెట్టి చూసి, ఏ పరిస్థితిలో ఏది మేలో ఇక్కడ వివరిస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది: మన బిడ్డ కోసం టీచరు చేసిన ఒక ఫలానా పనిని గుర్తుచేసే ఒక్క పేజీ ఉత్తరం అన్నిటికన్నా మంచి కానుక, వస్తువు ఏదైనా ఆ ఉత్తరానికి తోడుగా వెళ్ళాలే తప్ప దానికి బదులుగా కాదు.

ఏ కానుకనైనా మూడు ప్రశ్నలతో తూచి చూడవచ్చు. అది చేతికి అందిన తర్వాత టీచరుకు పని తగ్గుతుందా, పెరుగుతుందా అన్నది మొదటిది. ఎందుకంటే దాచడానికి చోటు వెతుక్కోవలసిన వస్తువు, రోజూ సంరక్షించవలసిన వస్తువు ఎంత ప్రేమతో ఇచ్చినా భారమే అవుతుంది. ఇదే వస్తువును ఇంకో పదిమంది కూడా ఇస్తే ఏమవుతుందన్నది రెండోది. ముప్పై మంది పిల్లలున్న తరగతిలో మూడో వంతు కుటుంబాలు మగ్గులు ఇస్తే ఒక్క ఏడాదిలో పది మగ్గులు పోగవుతాయి, మరుసటి ఏడాది ఇంకో పది వస్తాయి. కానీ పది ఉత్తరాలు వస్తే ఏ రెండూ ఒకటి కావు. ఈ కానుకను చూసిన తోటి పిల్లల్లో ఎవరైనా చిన్నబుచ్చుకుంటారా అన్నది మూడోది. దీన్ని మనం తక్కువగా ఆలోచిస్తాం గాని, బడిలో ఇచ్చే కానుక విషయంలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమని నేను నమ్ముతాను. పెద్ద డబ్బా పట్టుకొచ్చిన పిల్లవాడి పక్కన ఉత్త చేతులతో నిలబడే పిల్లవాడు ప్రతి తరగతిలోనూ ఉంటాడు, ఆ ఇద్దరూ ఆ టీచరు పిల్లలే.

ధర పెరిగితే సంతోషం పెరుగుతుందన్న ఊహ ఇచ్చేవారి మనసులో బలంగా ఉంటుంది. ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, నిశ్చితార్థపు ఉంగరాలు, పుట్టినరోజు కానుకల వంటివాటిని తీసుకుని ఈ ఊహను పరీక్షించారు. ఖరీదైన కానుకకు ఎక్కువ ఆదరణ ఉంటుందని ఇచ్చినవారు భావించారు. పుచ్చుకున్నవారి సంతోషానికి మాత్రం ధరతో అలాంటి సంబంధం కనబడలేదు. అది టీచర్ల మీద చేసిన అధ్యయనం కాదు గాని, ఏటా పదుల కుటుంబాల నుంచి కానుకలు అందుకునే వృత్తిలో ఉన్నవారికి ఈ మాట ఇంకా ఎక్కువగా వర్తిస్తుందని నాకనిపిస్తుంది. పైగా మరీ ఖరీదైన కానుక వస్తే, దాన్ని తీసుకోవచ్చా, ఆ బిడ్డ పట్ల ఇకపై తన ప్రవర్తనను ఎవరైనా అనుమానిస్తారా అన్న ఆలోచన టీచరును ఇబ్బంది పెడుతుంది.

ఉత్తరం, కార్డు, బొమ్మ

అచ్చయిన శుభాకాంక్షల కార్డుకు, చేత్తో రాసిన ఉత్తరానికి మధ్య తేడా అందంలో లేదు, వివరంలో ఉంది. "మా పాపకు చాలా బాగా చదువు చెప్పారు, మీకు మా ధన్యవాదాలు" అన్న వాక్యం ఏ టీచరుకైనా రాయవచ్చు గనుక అది ఏ టీచరుకూ చెందదు. "భిన్నాల లెక్క కనబడగానే పుస్తకం మూసేసే మా పాప, మీరు కాగితాన్ని మడిచి సగం, పావు, అరపావు చూపించిన రోజు ఇంటికి రాగానే నాకు అదే పాఠం చెప్పింది, పావులో సగం ఎంతో చెప్పమని నన్నే అడిగింది" అన్న వాక్యం ఆ ఒక్క టీచరుకే చెందుతుంది. తరగతి గదిలో చెప్పిన పాఠం ఇంటికి చేరిందో లేదో తెలుసుకునే అవకాశం టీచర్లకు చాలా తక్కువ. ఆ కబురు చెప్పగలిగేది తల్లిదండ్రులే.

అలాంటి వివరం మీకు వెంటనే తట్టకపోతే బిడ్డను అడగండి, కానీ "మీ టీచరంటే నీకు ఇష్టమేనా?" అని అడగకండి, దానికి అవును, కాదు అన్న జవాబే వస్తుంది. "నీకు అర్థం కానప్పుడు టీచరు ఏం చేస్తారు?", "ఎప్పుడైనా నువ్వు ఏడిస్తే ఏమన్నారు?", "ఇంట్లో కూడా నువ్వు చేసే ఏ పని టీచరు నేర్పారు?" అని అడిగితే ఉత్తరానికి కావలసిన సరుకంతా దొరుకుతుంది. ఇంకా రాయడం రాని పిల్లలు చెప్పిన మాటలను ఉన్నదున్నట్టుగా మీ చేత్తో రాయండి, వాటిని పెద్దల భాషలోకి సర్దకండి. రాయడం నేర్చుకుంటున్న వయసు పిల్లలైతే ఒత్తులు, దీర్ఘాలు తప్పినా దిద్దకుండా వదిలేయండి. ఆ అక్షరాలు నేర్పిన మనిషికి ఆ తప్పులతో సహా ఆ కాగితం విలువైనదే. పై తరగతుల పిల్లలైతే వారి ఉత్తరాన్ని వారినే రాయనివ్వండి, మీరు చదవకుండానే కవరు అంటించనివ్వండి, మీ మాటలు వేరే కాగితం మీద రాయండి.

ఇలాంటి ఉత్తరం రాయడానికి చాలామంది వెనకాడుతారు, తమకు రాయడం చేతకాదని, చదివేవారికి ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని. అమిత్ కుమార్, నికోలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో సరిగ్గా ఈ భయమే పరీక్షకు వచ్చింది. కృతజ్ఞత తెలిపే ఉత్తరాలు రాసినవారు, అందుకున్నవారికి ఎబ్బెట్టుగా ఉంటుందని ఎక్కువగా అంచనా వేశారు, వారు పొందే సంతోషాన్ని తక్కువగా అంచనా వేశారు. రాసేవారు తమ వాక్యాల పొందిక గురించి ఆందోళన పడుతుంటే, చదివేవారు అందులోని ఆప్యాయతను చూస్తున్నారన్నది ఆ పరిశోధనలో తేలిన సంగతి.

కాగితం గురించి ఒక చిన్న మాట. మామూలు ప్రింటర్ కాగితం 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువుంటుందో చెప్పే కొలత) రకంలో వస్తుంది, దాని మీద రెండు వైపులా రాస్తే సిరా అటువైపు కనబడుతుంది. 100 నుంచి 120 జీఎస్‌ఎం కాగితం ఒక్కటి తీసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. ఏ4 కాగితాన్ని సగానికి మడిస్తే వచ్చే ఏ5 కొలత ఉత్తరానికి చక్కగా సరిపోతుంది, పుస్తకం మధ్యలోనో ఫైలులోనో దాచుకోవడానికి వీలుగా ఉంటుంది. మెరుపుల పొడి, ఎండిన ఆకులు, జిగురుతో అంటించిన పూసలు కొద్ది రోజులకే రాలిపోతాయి గనుక, బిడ్డ బొమ్మ వేయాలనుకుంటే రంగు పెన్సిళ్ళు మేలు. బొమ్మ వెనక బిడ్డ పూర్తి పేరు, తరగతి, సంవత్సరం తప్పకుండా రాయండి. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ కాగితం చేతికి తగిలినప్పుడు ఆ బిడ్డ ఎవరో టీచరుకు వెంటనే తెలియాలి.

ఖర్చులేని మరో మార్గం ఉంది, దాన్ని చాలామంది గుర్తించరు. అదే ఉత్తరాన్ని, లేదా దాని సారాన్ని, ప్రధానోపాధ్యాయులకు కూడా పంపండి. ఫిర్యాదులు ఆ గదికి చేరినంత తేలికగా మెచ్చుకోళ్ళు చేరవు. టీచరు ఉద్యోగం కొత్తదైనా, తాత్కాలికమైనా, అలాంటి ఒక్క ఉత్తరం ఏ వస్తువూ చేయలేని మేలు చేయగలదు.

వాడుకుంటే అయిపోయే వస్తువులు

ఉత్తరంతో పాటు వస్తువు కూడా ఇవ్వాలనుకుంటే, అలమరాలో నిలిచిపోయే వస్తువుకన్నా వాడుకుంటే అయిపోయే వస్తువు మంచిదని నా గట్టి అభిప్రాయం. వాడకం టీచరు పనిదినంలోనే ఉండాలి. ఆ పనిదినంలో చాలా సమయం తినేసే పనుల్లో నోటు పుస్తకాలు దిద్దడం ఒకటి. దొంతర్లకొద్దీ పుస్తకాలు దిద్దే చేతికి మంచి పెన్ను విలువ తెలుస్తుంది. ఇక్కడ అలంకారపు పెట్టెలో వచ్చే ఒక్క లోహపు పెన్నుకన్నా, బాగా రాసే సాధారణ పెన్నుల కట్ట మేలు: లోహపు పెన్ను బరువుగా ఉండి గంటసేపు రాస్తే వేళ్ళు నొప్పెడతాయి, దానికి సరిపడే రీఫిల్ అన్నిచోట్లా దొరకదు. జెల్ పెన్ను నొక్కకుండానే సాఫీగా సాగుతుంది గాని సిరా ఆరడానికి ఒకటి రెండు క్షణాలు ఎక్కువ పడుతుంది, పలుచని కాగితం మీద అటువైపు దిగుతుంది, త్వరగా అయిపోతుంది. బాల్‌పాయింట్ పెన్ను ఎక్కువ కాలం వస్తుంది, వెంటనే ఆరుతుంది, కొంచెం నొక్కి రాయాలి. టీచరు ఎడమచేతివాటమైతే రాసిన అక్షరాల మీదుగా చెయ్యి జరుగుతుంది గనుక త్వరగా ఆరే సిరానే ఎంచుకోవాలి; ఆ సంగతి మీ బిడ్డకు తప్పకుండా తెలిసి ఉంటుంది. మొన సన్నం కావాలంటే 0.5 మిల్లీమీటర్లు, కాస్త మందం కావాలంటే 0.7 తీసుకోవచ్చు. ఎరుపు ఒక్కటే కాకుండా ఆకుపచ్చ, ఊదా కలిపి ఇస్తే పుస్తకాలు దిద్దేటప్పుడు ఉపయోగపడతాయి.

వైట్‌బోర్డు మార్కర్లు కూడా ఇలాంటివే. కొనేముందు పెట్టె మీద చెరిగిపోయే రకమని రాసి ఉందో లేదో చూడాలి, శాశ్వత మార్కర్ పొరపాటున ఇస్తే బోర్డు పాడవుతుంది. రీఫిల్ చేసుకోగల రకం దొరికితే సిరా సీసాతో కలిపి ఇవ్వడం ఇంకా మంచిది. వాటిని నిలబెట్టి కాకుండా పడుకోబెట్టి ఉంచితే సిరా ఒకవైపుకు దిగిపోకుండా ఉంటుంది.

అయితే మార్కర్లు, రంగు కాగితాలు, జిగురు వంటి తరగతి సామగ్రి విషయంలో ఒక భేదం పాటించాలి. అవి తరగతికి ఇచ్చిన కానుకలు, టీచరుకు ఇచ్చినవి కావు. బడి సమకూర్చని సామగ్రిని టీచరు తన జేబులోంచి కొంటున్నారని తెలిస్తే అవి నిజంగా ఆదుకుంటాయి, అప్పుడు ఏవి కావాలో నేరుగా అడిగి ఇవ్వండి. బడి అన్నీ సమకూరుస్తుంటే మాత్రం, కృతజ్ఞత పేరుతో ఆఫీసు సామాను ఇచ్చినట్టు ఉంటుంది. పెన్నులు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి: పనికీ వస్తాయి, సొంతానికీ ఉంటాయి. తక్కువ ఖర్చులో నేను వాటికే మొదటి స్థానం ఇస్తాను.

నిలిచి ఉండే వస్తువులు

మంచినీళ్ళ సీసా మంచి ఆలోచన, ఎందుకంటే రోజంతా మాట్లాడే గొంతుకు నీరు కావాలి. కానీ చాలామంది టీచర్లకు అప్పటికే ఒకటి ఉంటుంది. ఇవ్వదలిస్తే అర లీటరు కొలత చాలు, లీటరు సీసా నింపితే బరువు కిలో దాటుతుంది. మూత బిగువుగా ఉండి సంచిలోని పిల్లల పుస్తకాల మీద నీరు కారనిది కావాలి. నోటు పుస్తకం ఇవ్వదలిస్తే బల్ల మీద పూర్తిగా తెరుచుకుని నిలిచే కుట్టుబైండింగు ఉన్నది ఎంచుకోండి. రెండింటిలో నోటు పుస్తకమే మేలు, నాలుగు వచ్చినా నాలుగూ వాడుకోవచ్చు.

మగ్గులు, టీచరు గొప్పతనం గురించి వాక్యం అచ్చువేసిన ఫలకాలు, తాళం గుత్తులు, పటాలు పైన చెప్పిన రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. అత్తర్లు, పరిమళపు కొవ్వొత్తులు కూడా నేను సూచించను. ఘాటైన వాసన కొందరికి ఉబ్బసాన్ని, కొందరికి పార్శ్వపు నొప్పిని రేపుతుంది, అది మనం ముందుగా కనుక్కోగల విషయం కాదు. బట్టలు, నగలు మరీ వ్యక్తిగతమైనవి. తినుబండారాలు ఇవ్వాలంటే టీచరుకు ఏవి పడవో కనుక్కోవాలి, గింజలు, పప్పుల వల్ల తీవ్రమైన అలర్జీ వచ్చేవారున్నారు.

మొక్క, పూలగుత్తి అన్న రెంటిలో ఏది మేలో చెప్పడం కొంచెం కష్టం. పూలు నాలుగైదు రోజులు సంతోషాన్నిచ్చి వెళ్ళిపోతాయి, ఎవరికీ భారం కావు. మొక్క ఏళ్ళ తరబడి ఉండవచ్చు, కానీ సెలవులకు ముందు రోజు ఇస్తే నీరు పోసేవారు లేక స్టాఫ్ రూములో ఎండిపోతుంది. మొక్కే ఇవ్వాలనుకుంటే తక్కువ వెలుతురులోనూ బతికే మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ వంటివి చూడండి. ఎండ ఎక్కువగా కావలసిన కండగల ఆకుల మొక్కలు గది లోపల క్రమంగా సాగిపోయి పాలిపోతాయి. కుండీ అడుగున నీరు పోయే రంధ్రం ఉండాలి, ఇంట్లో పెంచే మొక్కలు నీరు చాలక పోవడంకన్నా నీరెక్కువై వేరు కుళ్ళి పోవడమే ఎక్కువ. పైన చెప్పిన రెండు మొక్కల ఆకులూ పిల్లులు, కుక్కలు నమిలితే వాటికి హాని చేస్తాయి, కాబట్టి టీచరు ఇంట్లో పెంపుడు జంతువులున్నాయేమో బిడ్డను అడగండి. ఏమీ తెలియనప్పుడు నేనైతే పూలవైపే మొగ్గుతాను.

పుస్తకం ఇవ్వడం అందరికీ నచ్చే ఆలోచనే గాని, టీచరు అభిరుచి తెలియకపోతే అది గురి తప్పుతుంది. దానికి బదులు, మీ బిడ్డకు బాగా నచ్చిన పిల్లల పుస్తకాన్ని ఒక ప్రతి కొని తరగతి గ్రంథాలయానికి ఇచ్చి, మొదటి పేజీలో టీచరు పేరు, బిడ్డ పేరు, సంవత్సరం రాస్తే బాగుంటుంది. తర్వాత వచ్చే పిల్లలు దాన్ని తెరిచినప్పుడల్లా ఆ పేజీ చూస్తారు, టీచరు మోసుకుపోవలసింది కూడా ఏమీ ఉండదు. వస్తువులన్నిటిలో నాకు ఎక్కువగా నచ్చేది ఇదే.

గిఫ్ట్ కార్డు, అందరూ కలిసి ఇచ్చేది

గిఫ్ట్ కార్డులో ఉన్న పెద్ద సుగుణం ఎంపిక టీచరు చేతిలో ఉండడం. లోపాలు కూడా ఉన్నాయి: మొత్తం ఎంతో దాని మీదే కనబడుతుంది, కొన్నిటికి గడువు తీరిపోతుంది, డబ్బుతో సమానమైనవాటిని చాలా బడులు అనుమతించవు. ఒక్క కుటుంబం చిన్న మొత్తానికి కార్డు ఇస్తే దానితో కొనగలిగేది తక్కువ, పెద్ద మొత్తానికి ఇస్తే ఇబ్బంది. కాబట్టి గిఫ్ట్ కార్డును తరగతి అంతా కలిసి ఇచ్చేటప్పుడే ఎంచుకోవడం మంచిది.

కలిసి ఇవ్వడంలో ఖర్చు పంచుకోవడంకన్నా పెద్ద లాభం ఏమిటంటే, పిల్లల మధ్య తేడా కనబడదు. అది నిజం కావాలంటే కొన్ని జాగ్రత్తలు అవసరం. డబ్బు సేకరించే వ్యక్తి కనీస మొత్తం నిర్ణయించకూడదు, ఎవరు ఎంత ఇచ్చారో గ్రూపులో రాయకూడదు, ఇవ్వనివారికి మళ్ళీ మళ్ళీ గుర్తుచేయకూడదు. కార్డు మీద తరగతిలోని పిల్లలందరి పేర్లూ ఉండాలి, ఆ కుటుంబం డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా. ప్రతి బిడ్డ చేతా ఒక్కొక్క కాగితం మీద టీచరు గురించి రెండు వాక్యాలు రాయించి, వాటిని పుస్తకంగా కుట్టి ఇచ్చే పద్ధతి ఇంకా మేలైనది. అందులో ఖర్చు దాదాపు లేదు, ముప్పై ఉత్తరాలు ఒకేచోట చేరతాయి. కాగితాలన్నీ ఒకే కొలతలో ముందుగా పంచి, కుట్టు పడే అంచున రెండు సెంటీమీటర్లు ఖాళీ వదలమని చెబితే తర్వాత అక్షరాలు కుట్టులో మరుగున పడవు.

ఎప్పుడు, ఎలా ఇవ్వాలి

ముందుగా బడి నియమం తెలుసుకోవాలి. కొన్ని బడులు కానుకల విలువకు పరిమితి పెడతాయి, కొన్ని అసలే వద్దంటాయి. ఆఫీసులో ఒక్క మాట అడిగితే టీచరు "వద్దండీ" అని చెప్పవలసిన ఇబ్బంది తప్పుతుంది. వస్తువు ఇచ్చే సమయం ఫలితాలు వెలువడిన తర్వాత అయితే మంచిది. మార్కులు వేయకముందు ఇచ్చిన వస్తువు ఎంత చిన్నదైనా, ఎంత మంచి మనసుతో ఇచ్చినా, దాని వెనక ఏదో ఆశించినట్టు కనబడే ప్రమాదం ఉంది. ఉత్తరానికి ఆ అడ్డు లేదు. అక్టోబరు 5న జరుపుకునే ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవానికి ఉత్తరమే సరిపోతుంది. 1966లో అదే రోజున పారిస్‌లో ఆమోదం పొందిన ఉపాధ్యాయుల హోదాకు సంబంధించిన సిఫారసును గుర్తుచేస్తూ 1994 నుంచి జరుపుతున్న ఆ రోజు, టీచరు పనికి దక్కవలసిన గౌరవం గురించినది. మీ బిడ్డ విషయంలో ఆ పని ఎలా ఫలించిందో చెప్పే నాలుగు వాక్యాలకు అంతకన్నా తగిన సందర్భం ఉండదు.

బిడ్డకు అయిదారుగురు టీచర్లుంటే ప్రతి ఒక్కరికీ వస్తువు కొనడం కన్నా, అందరికీ ఉత్తరాలు రాసి, ఎక్కువ సమయం గడిపిన ఒకరిద్దరికి మాత్రం పెన్నులనో నోటు పుస్తకాన్నో జోడించడం సమంజసం. అప్పుడు ఆ వస్తువును అందరి ముందూ ఇవ్వకండి. ఆయాలు, సహాయకులు, ఆటలు నేర్పేవారు, చిత్రలేఖనం చెప్పేవారు ఇలాంటి జాబితాల్లో తరచు మిగిలిపోతారు, వారిని మరచిపోకండి. చిన్న పిల్లల విషయంలో చెప్పులు తొడిగి, కన్నీళ్ళు తుడిచి, అన్నం తినిపించింది చాలాసార్లు ఆయాలే.

కానుకను బిడ్డ చేతే ఇప్పించాలా, మీరే ఇవ్వాలా అన్నది ఆ బిడ్డ స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఉత్తరం బిడ్డ ఇస్తేనే బాగుంటుంది. వస్తువైతే తరగతి మొదలుకాకముందో, అందరూ వెళ్ళిపోయాకో మీరు అందించండి. అక్కడే విప్పి చూడమని ఒత్తిడి చేయకండి. టీచరు ఏ కారణం చేతనైనా వస్తువు తీసుకోలేమంటే, నొచ్చుకోకుండా వెనక్కి తీసుకుని, "ఈ ఉత్తరం మాత్రం ఉంచుకోండి" అనండి.